పురిటింటికి వెళ్ళిన అచ్చుగుడ్డలు

కొత్త గుడ్డను పాతగుడ్డలా కనిపించేటట్టు చేయడం ఎలాగో తెలుసుకోవడానికి ఏళ్ళ తరబడి చదివినవాణ్ణి నేను. ఆ విద్య నాకు ఎంత బాగా అబ్బిందంటే, ఆఖరి ఏడాది పరీక్షకు పెట్టవలసిన నా గుడ్డలను మా నానమ్మ చంటిపిల్లాడి బొంతలనుకుని పక్కింటి పురిటిమంచానికి ఇచ్చేసింది. ఇందులో నానమ్మ తప్పు రవ్వంత కూడా లేదు. వాటిని ఆమె ట్రంకు పెట్టెలోనే దాచి, ఆమెకు మాత్రం ఒక్క మాటైనా చెప్పని మేధావిని నేను. పెట్టెలో ఉన్నదంతా పెట్టెగలవాళ్ళదేనని ఎవరైనా అనుకుంటారన్న చిన్న సంగతి నా పెద్ద చదువుకు తట్టలేదు.

ఖరగ్‌పూర్‌లో మా ఇల్లు ఝపటాపూర్‌లో. నాన్నకు బజారులో జాకెట్టు గుడ్డలు, లైనింగులు, చీర ఫాల్సులు అమ్మే కొట్టు ఉంది. ఇంట్లో తెలుగు, కొట్లో బెంగాలీ, బేరం ముదిరితే హిందీ. ఈ ఊళ్ళో తెలుగు కుర్రాడు ఏదో చదువుతున్నాడంటే అది ఇంజనీరింగే అయి ఉంటుందని అందరికీ ఒక నమ్మకం. "ఏ బ్రాంచి?" అంటారు. టెక్స్‌టైల్ డిజైన్ అంటే, "అంటే మిల్లులోనా?" అంటారు. కాదు, అచ్చులు వేస్తాం, కుట్లు కుడతాం అంటే మొహంలోకి జాలి వచ్చేస్తుంది. నాన్న తెలివిగా ఆ గొడవ తప్పించుకున్నాడు. కొట్టుకు వచ్చే దాదాలకూ దీదీలకూ నన్ను "కాపొడేర్ ఇంజినియర్" అని పరిచయం చేసేవాడు. గుడ్డల ఇంజనీరు! వాళ్ళు గౌరవంగా తలూపి, లైనింగు మీద ఇంకో రూపాయి తగ్గించమనేవారు.

ఆఖరి ఏడాదిలో మాకు 'కలెక్షన్' అని ఒకటి ఉంటుంది. ఒకే ఆలోచన చుట్టూ తిరిగే కొన్ని గుడ్డలు తయారుచేసి, గోడకు వేలాడదీసి, వాటి పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. వచ్చిన పెద్దలు చూస్తారు, తడుముతారు, అడుగుతారు. పూర్తి సెట్టు పెట్టకపోతే ఆ ఏడాది మళ్ళీ చదవాలి. నాన్న కొట్టు ఇంకో ఏడాది నా అచ్చులను భరించే స్థితిలో లేదు.

నా ఆలోచన ఒక సందేహంలోంచి పుట్టింది. మా ఇంట్లో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతారు. మా వెనకింటి బెంగాలీ దీదీ కూడా అలాగే పరిచి కాంథా కుడుతుంది. రెండు చోట్లా ఉన్నది ఒకటే కుట్టు, సూది దిగుతూ లేస్తూ పోయే మామూలు టాకా. మరి మా ఇంట్లో అది ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పోతుంది, దీదీ ఇంట్లో మెలికలు తిరిగి తామరపువ్వు అవుతుంది. గోడకు ఇవతల గీత, అవతల పువ్వు. ఎందుకలా? దారం ఎక్కడ మనసు మార్చుకుంది?

ఇది బుర్రలో తిరుగుతుండగా ఒక సాయంత్రం నిమ్‌పురా రైల్వే యార్డు మీదుగా వెళ్ళే వంతెన ఎక్కాను. కింద ఒక పట్టా రెండవుతోంది, రెండు నాలుగవుతున్నాయి, కొంత దూరం పోయి మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఒకటైపోతున్నాయి. వాటి కింద స్లీపర్లు టాకాల్లా వరసగా దిగి ఉన్నాయి. ఊరంతా ఎవరో పెద్ద సూదితో కుట్టినట్టనిపించింది. ఆ పట్టాలనే అచ్చు వేసి, అచ్చు మీద కుట్టు నడిపి, కుట్టు కాసేపు అచ్చుతో పోయి కాసేపు విడిపోయేటట్టు చేస్తే? అదీ నా కలెక్షన్. పాత తెల్లచీరలు పొరలుగా వేసి, తలగడంత ముక్కలు ఆరు అనుకున్నాను.

రంగు కూడా మన పాత పద్ధతిలోదే కావాలని పట్టుబట్టాను. ఎవరూ అడగలేదు, నాకు నేనే పట్టుబట్టాను. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడితే పసుపుపచ్చగా అవుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో కొన్ని వారాలు పులియబెడితే కసీం అనే నీళ్ళు తయారవుతాయి. దాన్ని ఆ పచ్చ గుడ్డ మీద అద్దగానే, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ నల్లబడడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. రైల్వే ఊళ్ళో తుప్పుకు కరువేమిటంటారు గాని, రైల్వే తుప్పు రైల్వేదే. పట్టాల పక్కన మేకు ఏరినా కేసే. మా కొట్టు పాత షట్టరు బందులతో సరిపెట్టుకున్నాను.

ఈ వాసనలతో అమ్మ నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టింది.

"పాలు మనుసులకే సాలట్లేదు, ఈడు గుడ్డలకి తాగిస్తన్నాడు. పో, కొట్టు ఎనకాల గదిలో ఏటైనా సేసుకో!"

అందుకే నానమ్మ ఈ తతంగం ఏదీ చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు.

మొదట చేసిన రెండు నమూనాలను పట్టుకుని మధ్యలో ఒకసారి కాలేజీకి వెళ్ళాను. కాలేజీ వేరే రాష్ట్రంలో; ఈ ఆఖరి పని మాత్రం ఇంటి దగ్గరే చేసుకోనిస్తారు. మా మేడమ్ వాటిని వెలుగులో పెట్టి చూసి, చల్లగా ఇంగ్లీషులో అన్న మాటలకు తెలుగు ఇది: "ఈ గుడ్డ పాతదనాన్ని నటిస్తోంది. దీన్ని ఎవరూ కప్పుకోలేదు, ఎవరూ దీని మీద పడుకోలేదు. బట్టల కొట్లో పుట్టి బట్టల కొట్లో పెరిగిన ముసలితనం." దీన్ని కాలేజీలో ఫీడ్‌బ్యాక్ అంటారు, మా ఇంట్లో ఉతికి ఆరేయడం అంటారు. ఆవిడకు మా నాన్న కొట్టు సంగతి తెలియదు, పాపం. అయినా తగలవలసిన చోటే తగిలింది.

ఉడుకుమోతుతనంతో తిరిగివచ్చి, ఆ రెండూ పక్కన పడేసి, ఆరు ముక్కలూ మొదటినుంచి చేశాను. మెత్తని చీరలు వెతికాను, వేళ్ళు బొబ్బలెక్కేలా కుట్టాను, కరక్కాయ పచ్చదనం పోకుండా ఉంచాను. అంతా అయ్యాక కొత్త భయం పట్టుకుంది: కొట్టు వెనక గదిలో ఎలుకలు. పాల వాసన వాటికి పిలుపు లాంటిది. ఇనుప పెట్టె అయితే మంచిదనుకున్నాను. ఇంట్లో ఉన్నది నానమ్మ ట్రంకు ఒక్కటే. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుండగా అడుగున సర్దేశాను.

రివ్యూకు, అంటే ఆ గోడ పరీక్షకు, తీసుకెళ్ళడానికి గట్టి అట్టపెట్టె కావాలని ఒకరోజు సుభాష్‌పల్లి వెళ్ళాను. పెట్టె చేయించుకుని, భుజాన పెట్టుకుని, గర్వంగా ఇంటికి వచ్చి ట్రంకు తెరిచాను. నానమ్మ చీరలున్నాయి, తాతయ్య పంచె ఉంది, నా చదువు లేదు.

"నానమ్మా, పెట్టిలో గుడ్డలేవి?"

"ఏ గుడ్డల్రా?"

"పచ్చగా ఉంటాయి, సిన్నవి, కుట్టినవి..."

"అయా! అయి నీ సిన్నప్పటి బొంతలు గదా. పక్కింటి మీ అత్త కూతురు పురిటికొచ్చినాది గదా, మొగపిల్లాడు పుట్టినాడు. పాత బొంతలేటైనా ఉంటే ఇమ్మని వచ్చినాది. ఇచ్చినాను."

"నా సిన్నప్పటియేటి?"

"మరెవులియి? మీ యమ్మ దాసినాది కాబోలు, నాకు సెప్పనేదు. ఇన్నేళ్ళయినా పాల కంపు పోనేదు సూడు. ముక్కు కాడ ఎట్టుకుంటే నాకు కళ్ళంట నీళ్ళొచ్చేసినాయిరా."

నాకూ అదే పరిస్థితి.

"వాటి మీద నల్ల గీతలున్నాయి, సూడనేదా నువ్వు?"

"సూడకేటి? తీగ తుప్పు. మనింటి తీగ మీద ఆరేసిన గుడ్డకి తుప్పు అంటకుండా ఉంటాదేటి?"

నేను నెలల తరబడి ఆలోచించి చెక్కిన నిమ్‌పురా యార్డు అది. అయితే నిజం చెప్పాలంటే నానమ్మ మాటలో రసాయనశాస్త్రపరంగా లోపం ఏమీ లేదు. అది తుప్పే.

మా వాళ్ళలో పుట్టిన బిడ్డకు పురుడు తీరేదాకా కొత్త గుడ్డ వేయరు. బాగా ఒళ్ళు చేసి పెరిగిన పిల్లవాడున్న ఇంటి నుంచి పాతవి, మెత్తవి అడిగి తెచ్చుకుంటారు. ఆ పిల్లవాడి పుష్టి ఈ బిడ్డకు వస్తుందని. మా వీధి మొత్తానికి నాకంటే ఒళ్ళు చేసినవాడు ఇంకొకడు లేడు. కనుక ఆ అత్త సరిగ్గా రావలసిన ఇంటికే వచ్చింది.

అమ్మ కొట్టు నుంచి వచ్చి, విని, ముందు ఒక పావుగంట నవ్వింది. తర్వాత, "కూకుంటే వస్తాయేటి? ఎల్లి అడుగు," అంది. వెళ్ళాను. అత్త గుమ్మంలోనే ఎదురైంది.

"రా నాయినా, నీ బొంతల మీదే పడుకున్నాడు మావోడు. కదలకుండా పడుకున్నాడు. అచ్చం నీలాగే ఒళ్ళు సేస్తాడు!"

"అత్తా, అవి బొంతలు కావు. నా పరీక్షకి కుట్టుకున్నాను. నానమ్మ తెలీక ఇచ్చీసినాది."

"బొంతలకి పరీచ్చేటి? ఇంజినీరన్నాడు మీ నాన్న!"

చెప్పాను. కరక్కాయ దగ్గర్నుంచి వంతెన దాకా అంతా చెప్పాను. అత్త ఎంతో జాలిగా విని, తల అడ్డంగా ఊపింది.

"పురుడు తీరకుండా పురిటిగదిలో గుడ్డ గుమ్మం దాటదు బాబూ. అయినా ఇప్పుడియి నీకేటి పనికొస్తాయి? పొద్దున్నించీ ఒక్కటి మిగల్చకుండా తడిపీసినాడు."

లోపల్నుంచి ఆమె కూతురి గొంతు వినిపించింది. నాతో కలిసి బడికి నడిచి వెళ్ళిన పిల్ల. పచ్చి బాలింత అయినా గొంతులో అప్పటి వెటకారం చెక్కుచెదరలేదు.

"ఒరే! నీ సదువు మీద మావోడు ఒంటేలు పోసినాడ్రా! ఏటనుకోకు!"

ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. పురుడు తీరిన తర్వాత రివ్యూకు ఎక్కువ వ్యవధి లేదు. ఈలోగా మళ్ళీ ఆరూ చేయడం కుదరని పని. కనీసం మూడైనా చేద్దామని కొత్త ముక్క పరిచి కూర్చున్నాను. మనసు నిలవలేదు. అచ్చు వేసినవి అచ్చిరాలేదని నా మీద నేనే జోకు వేసుకుని, నవ్వురాక, మేడ మీదకు వెళ్ళాను.

మా మేడ మీద నుంచి పక్కింటి పెరడు కనిపిస్తుంది. తీగ మీద చిన్న చిన్న గుడ్డల మధ్య నా ఆరు ముక్కలు ఆరుతున్నాయి. నా కలెక్షన్‌కు అది మొదటి ప్రదర్శన. ఏడవాలి కదా, కానీ కళ్ళు ఇంకో పని చేయడం మొదలుపెట్టాయి. కరక్కాయ పచ్చ అక్కడక్కడ విరిగి మచ్చలైంది. నలుపు మాత్రం నిలబడింది! అత్త కుంకుడురసంతో ఉడుకునీళ్ళలో ఉతుకుతుందని వాసనను బట్టి తెలిసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. పచ్చ ఇంకా తగ్గింది. ఆ తర్వాత నలుపు అంచులు టీ రంగులోకి దిగాయి. దారం బిగిసి, కుట్టుకూ కుట్టుకూ మధ్య గుడ్డ ఉబ్బి, పట్టాల పక్కన కంకర పోసినట్టయింది. ఒక ముక్క ఒకలా మారుతోంది, ఇంకోటి ఇంకోలా మారుతోంది. ఎందుకు? దేన్ని ఎక్కడ వేస్తున్నారు? తల కిందదేది, అడుగున ఉన్నదేది?

ఆగలేక పిట్టగోడ మీద నుంచి అడిగేశాను. నా బడి స్నేహితురాలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"ఏయ్, రెండు పట్టాలు కలిసినట్టున్నది ఈవేళ ఎక్కడేసినావు?"

"నీకేటైనా పిచ్చేటిరా?"

"సెప్పు! తల కిందా, నడుం కిందా?"

"తల కింద. నీ దగ్గర్నించి బాలింతకి సాంతి నేదు గదా!"

విసుక్కుంటూనే మర్నాటి నుంచి అడగకుండానే చెప్పసాగింది. "ఎక్కువ గీతలున్నది నడుం అడుగునేసినాను, ఈవేళ దాని గతి అధోగతి." ఇంకోరోజు, "నల్ల గీతల మీద కళ్ళెట్టి అలా సూస్తానే ఉంటాడ్రా, పాలు కూడా మర్సిపోయి." ఆ మాటకు నేను కొంచెం పొంగిపోయాను. నా పని మీద అంతసేపు చూపు నిలిపిన మొదటి విమర్శకుడు వాడే. అభిప్రాయం మాత్రం ఎప్పుడూ ద్రవరూపంలోనే చెప్పేవాడు.

పరిచిపెట్టిన కొత్త ముక్కను మడిచి పక్కన పెట్టేశాను. ఆ తీగ మీదవి నాకు కావాలి. చేయడం కంటే జరగడం చూడటమే నాకు పనైపోయింది.

పురుడు తీరింది, స్నానాలయ్యాయి. మళ్ళీ అత్త గుమ్మంలో నిలబడ్డాను. ఈసారి ఆమె దగ్గర కొత్త షరతు ఉంది.

"పిల్లోడి కింద గుడ్డ ఊరికే లాగీకూడదు. గుడ్డకి గుడ్డ ఎయ్యాలి. మెత్తది, పాతది. మీ నాన్న కొట్లోయి నాకొద్దు."

అంటే మళ్ళీ బొంతలు కుట్టాలి, ఈసారి నిజమైనవి. నానమ్మకు చెబితే, చేసిన పనికి సిగ్గుపడకుండా, ఎంతో కాలంగా ఎవరినీ ముట్టుకోనివ్వని తన పాత వాయిలు చీరలు రెండు తీసి ఇచ్చింది. ఇద్దరం నేల మీద చెరో వైపు కూర్చుని కుట్టాం. నా మనసులో ఉన్న పాత సందేహం అడగడానికి ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది. దాని మీద నా ప్రాజెక్టు పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది.

"నానమ్మా, ఆళ్ళు పువ్వులు కుడతారు గదా, మనం తిన్నగా ఎందుకు కుడతాం?"

"తిన్నగా కుడితే బేగి అయిపోద్ది."

"అంతేనా?"

"మరేటి? నాకింకేటీ పనుల్నేవా?"

అధ్యాయం కొట్టేయలేదు గాని, కొంచెం కుదించాను.

బొంతలు ఇస్తే అత్త అయిదు ముక్కలు ఇచ్చింది. ఆరోది, రెండు పట్టాలు కలిసేది, అడగవద్దంది. అది లేకపోతే వాడు పడుకోడట. బతిమాలాను, బేరమాడాను. లోపల్నుంచి వాడే ఒక్క కేక పెట్టాడు. అంతటితో బేరం తెగింది. ఆ అయిదింటినీ ఇంటికి తెచ్చి అమ్మ పెద్ద గిన్నెలో రెండుసార్లు బాగా మరగబెట్టి, ఎండలో రెండు వైపులా ఆరబెట్టి ఇచ్చింది. చేత్తో పట్టుకుంటే, నేను చేసినవేనా అనిపించింది. నేను ఎంత నలిపినా రాని మెత్తదనం. పూర్తి సెట్టు మాత్రం కాదు. అయిదింటితో ఏమంటారోనని రైల్లో దారంతా వాటిని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

కాలేజీలో గోడకు అయిదింటినీ వేలాడదీసి, ఆరోదాని చోటు ఖాళీగా వదిలేశాను. అక్కడ ఒక చిన్న చీటీ: "వాడుకలో ఉంది." మేడమ్ వచ్చారు, ఆవిడతో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడొకాయన. చీటీ చదివారు. మొదటి ముక్క దగ్గర ఆగారు. వేలితో కుట్టు మీద నడిచారు. రెండోదాని దగ్గర ఇంకొంచెం సేపు ఆగారు. చివరికి ఎక్కువ గీతలున్నదాన్ని, అంటే మా వాడి నడుము కిందదాన్ని, గోడ మీద నుంచి తీసి చేతిలోకి తీసుకున్నారు. మడిచారు, విప్పారు, ఆ తర్వాత మెల్లగా చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఈ నలుపు, ఈ ఉబ్బు... ఇది మునుపటి గుడ్డ కానే కాదు. ఆరోది లేకపోయినా ఫరవాలేదు, ఖాళీ కూడా బాగుంది," అని, పక్కాయనతో రెండు మాటలు మాట్లాడి, ఒక చేత్తో గుడ్డ చెంపన పట్టుకునే రెండో చేత్తో కాగితం మీద మార్కులు వేసేశారు. నేను ఆ పెన్ను ఆగేదాకా చూశాను. తర్వాత ఆవిడే అడిగారు, "ఏం ఫినిష్ ఇచ్చావు దీనికి? ఇంత మెత్తగా రావడానికి ఎంజైమ్ వాషా?"

"చెబుతాను మేడమ్," అన్నాను.

కరక్కాయ దగ్గర మొదలుపెట్టాను. ఏ సైజు కాయలు, ఎంత మెత్తగా దంచాలి. గేదెపాల దగ్గర చాలాసేపు ఆగాను. షట్టరు బందులు, బెల్లం, పులుపు, అచ్చు, ఆరబెట్టడం, కుట్టు, కుంకుడురసం. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ గుడ్డను ఈ చెంప నుంచి ఆ చెంపకు మారుస్తూ శ్రద్ధగా తలూపుతున్నారు. నాకూ తొందరేమీ లేదు.

"ఇక ఆఖరి ఫినిష్ మాత్రం నాది కాదు మేడమ్. మా పక్కింట్లో పుట్టిన పసివాడిది. పుట్టిన రోజు నుంచి పురుడు తీరేదాకా, వాడికి ఎప్పుడొస్తే అప్పుడు."

తలూపడం ఆగింది. గుడ్డ మాత్రం ఇంకా చెంప మీదే ఉంది.

రెండుసార్లు మరగబెట్టామన్న సంగతి మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను.